మూత విప్పందే వయసు చెప్పడు

ఇది మహాకావ్యం. ఇందులో గుర్రమెక్కి వచ్చిన తెల్లదొర ఉన్నాడు. తరతరాలుగా కుట్లు విప్పని పొట్లం ఉంది. తండ్రి దాచిన రహస్యం, అన్నదమ్ముల వైరం, నిండు సభలో ఒకడి గొంతు మీద కత్తి, అన్నీ ఉన్నాయి.

నిజం ఇక్కడే చెప్పేస్తే మీకూ నాకూ గొడవ వదిలిపోతుంది. సభ అంటే ఆదోనిలో రెండు కుర్చీల సెలూన్. గొంతు మీద కత్తి ఎందుకుందంటే గడ్డం గీస్తున్నారు. తరతరాలంటే ఇరవై ఏళ్ల పైచిలుకు. గుర్రం నేను కలిపింది.

పోయిన వారం నాకొక పోస్టుకార్డు వచ్చింది. "మా పెదనాయన కాలం చేసినాడు. మీకు తెలపమని చెప్పినాడు" అని ఆయన తమ్ముడి కొడుకు రాశాడు. పోయాక చెప్పడం ఎవరికీ కుదరదు కాబట్టి ముందే చెప్పి ఉంటాడు. ఏదైనా ముందే చెప్పి చేయడం ఆయన అలవాటు. "ఇప్పుడు కత్తి గొంతు కాడికి వస్తాండాది, నవ్వొద్దు" అని ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట విన్నాకే నవ్వు వచ్చేది.

ఆయన పేరు రాయను. ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలిచింది నేను వినలేదు. అందరికీ 'షాపాయన'.

ఎనభైల మొదట్లో నేను ఆదోని మార్కెట్ యార్డులో తాత్కాలిక గుమాస్తాని. పత్తి వచ్చినన్నాళ్లు ఉద్యోగం, పత్తి అయిపోతే పడక. సెలూన్ మీది గదిలో అద్దెకు దిగాను. దిగిన రోజే ఆయన నన్ను మెట్ల దగ్గర ఆపి, రెండు వేళ్లతో నా గడ్డం పట్టి వెలుగు వైపు తిప్పాడు.

"ప్లాస్టిక్ పిడి. బ్లేడు నాలుగు దినాల పాతది. అద్దం ఎడమపక్క పెట్టుకున్యావు, అందుకే కుడి చెంప గుడ్డిగా తోలినావు."

మూడూ నిజమే. మా ఇంట్లో జాతకం రాసిన అయ్యవారు కూడా ఇంత దగ్గరగా రాలేదు.

ఆయన జీవితమంతా పట్టుకున్నది పాతకాలపు మడతకత్తి. ప్రేమించింది మాత్రం సేఫ్టీ రేజరుని. ఊళ్లోకి ఒక్కో రేజరు రావడమంటే షాపులో ఒక్కో కుర్చీ ఖాళీ కావడం. అయినా పాములవాడు పాముని చూసుకున్నట్టు చూసుకునేవాడు. అద్దాల కింద అరలో రెండు బిస్కెట్ డబ్బాల నిండా పాత రేజర్లు ఉండేవి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నవాళ్లు గడ్డం ముట్టరు కాబట్టి షాపు వెలవెలబోయేది. అప్పుడు వాటన్నిటినీ బయటికి తీసి చింతపండుతో తోమేవాడు. దారినపోయేవాళ్లు ఇంట్లో పెళ్లేమో అనుకునేవారు.

మంగళవారం గడ్డం చేయించుకోరు కాబట్టి సెలూన్లకు సెలవు. ఆ రోజు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కి, పాతసామాన్ల అంగళ్లు, తెలిసినవాళ్ల అటకలు వెతికి వచ్చేవాడు. ఎవరైనా రేజరు ఇచ్చి ఎప్పటిదని అడిగితే మొదట అరచేతిలో పెట్టి కళ్లు మూసుకునేవాడు. అది బరువు చూడటం. తర్వాత పిడి తిప్పి ఊడదీసి మర వరసల్లో గోరు పెట్టేవాడు. చివర మూత ఎత్తి అడుగున చూసేవాడు. అంతదాకా నోరు విప్పడు.

"మూత విప్పందే వయసు చెప్పనప్పా. పైన మెరిసేది పూత. పూత ఎవడైనా పూయించుకుంటాడు. పుట్టుక లోపల ఉంటాది."

మూత అడుగున మరమేకుతో కలిపి మూడు మేకులుంటే, అంటే మూడు గుండ్రటి బొక్కల బ్లేడు పట్టేదైతే, అది ముత్తాత. బ్లేడు నడుమ పొడుగాటి సందులో కూర్చునే గట్టు ఉంటే తాత, పంతొమ్మిదివందల ముప్ఫై దాటాక పుట్టింది. పిడి అడుగు తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకునేదాన్ని 'తలుపులది' అనేవాడు. ఇత్తడి దొరకని రోజుల్లో నల్లటి పిడితో వచ్చినది యుద్ధం బిడ్డ. "కరువులో పుట్టింది, అందుకే బక్కగా ఉంది" అని దాన్ని కాస్త ముద్దుగా చూసేవాడు.

చిక్కల్లా తల ఒకదానిది, మొండెం ఒకదానిది అయినప్పుడు. సి.బెళగల్ వైపు ఇద్దరన్నదమ్ములు ఆస్తి పంచుకుంటూ తండ్రి రేజరు కూడా పంచుకున్నారట. పెద్దవాడికి తల, చిన్నవాడికి పిడి. ఇద్దరికీ గడ్డాలు పెరిగాయి. కొన్నేళ్లకు ఆ రెండు ముక్కలూ వేరువేరు చోట్ల దొరికితే ఈయన తెచ్చి బిగించాడు. "భాగాలు కలిపినా" అని అందరికీ చూపించేవాడు. సొంత తమ్ముడితో మాత్రం ఆయనకు మాటల్లేవు. షాపు పంపకాల్లో తేడా వచ్చి, తమ్ముడు స్టేషను దగ్గర వేరే షాపు పెట్టుకున్నాడు. రెండు షాపుల మధ్య నడిస్తే పావుగంట. వాళ్లు పాతికేళ్లుగా నడవలేదు.

ఇక పొట్లం. అద్దం పక్కన, దేవుడి పటం కింద, మేకుకు వేలాడేది. ముతక గుడ్డలో పెట్టి నాలుగు వైపులా దారంతో కుట్టిన పొట్లం. కొత్తగా వచ్చినవాడి మూతి చుట్టూ సబ్బు పట్టించి, ఇక జవాబు చెప్పలేడని రూఢి చేసుకున్నాక ఆయన దాని కథ మొదలుపెట్టేవాడు.

ఆయన పుట్టకముందు ఆదోనిలో రైల్వే దొర ఒకడు ఉండేవాడట. ఆయన నాయన రోజూ వెళ్లి దొరకు గడ్డం చేసేవాడు. దొర ఊరు వదిలి ఇంగ్లండుకు పోతూ తన రేజరు చేతిలో పెట్టి, ఇక మీ పని అయిపోయింది, అందరూ ఎవరికి వాళ్లే గీసుకుంటారు అన్నాడట. నాయన వెంటనే, దొరా, దీంతో గడ్డం పోతాదేమో, ఊరి సంగతులు ఎవరు చెప్తారు అన్నాడట. ఆ రేజరు ఒక్కనాడూ వాడలేదు. పోయేముందు తన చేత్తోనే గుడ్డలో కుట్టి, ఇది మన పనికి శత్రువు, విప్పొద్దు అని కొడుక్కి అప్పగించాడు.

దొరకు తెలుగు రాదు, మీ నాయనకు ఇంగ్లీషు రాదు, మరి ఈ సంభాషణ ఏ భాషలో జరిగిందని అడిగాను.

"పెద్దోళ్లకు అర్థమైతాదప్పా."

మరి విప్పకుండా అది ఆ కాలందేనని ఎట్లా తెలుసని కూడా అడిగాను. నా గొంతు దగ్గర కత్తి ఉందని మర్చిపోయాను. కత్తి ఆగింది. "దొర ఇచ్చింది గదా" అన్నాడు, అంతే. ఊరందరి రేజర్లకు ఒక న్యాయం, ఆ పొట్లానికి ఒక న్యాయం. ఆ కథ మీదే ఆయన షాపు నిలబడి ఉంది. నాయన శత్రువును ముట్టలేదు, నేనూ ముట్టను, చేతిలో కత్తి ఉన్నన్నాళ్లు ఇదే నా పని అనేది ఆయన లెక్క. రేజర్లు ఎన్ని తెచ్చినా వాటిలో ఒక్కదానితోనూ ఒక్క వెంట్రుక గీయలేదు.

ఒక మంగళవారం ఆఫీసుకు కడుపునొప్పి అని రాసి నేనూ ఆయన వెంట ఎమ్మిగనూరు పోయాను. అక్కడ చీరల వ్యాపారం చేసే సావుకారు ఒకాయన రమ్మని కబురు పెట్టాడు. వాళ్ల ముందుగదిలో అద్దాల బీరువా, అందులో దూది పరుపు మీద రేజరు పవళించి ఉంది. సావుకారి తాత మొదటి యుద్ధం రోజుల్లో బొంబాయిలో కొన్నాడట. ఎమ్మిగనూరులో తనంతట తాను గడ్డం గీసుకున్న మొదటి మనిషి ఆయనేనట. ఈ సంగతి సావుకారు పెళ్లిళ్లలో, పంచాయితీల్లో, దీనితో సంబంధం లేని చోట్ల కూడా చెప్పుకునేవాడు. షాపాయన నోటితో ఒక్క మాట అనిపిస్తే సరిపోతుందని మమ్మల్ని పిలిచాడు.

షాపాయన బరువు చూశాడు. గోరు పెట్టాడు. మూత విప్పాడు. మళ్లీ బిగించాడు.

"మీ తాత ఎప్పుడు పోయినాడు సావుకారీ?"

"ఇరవై ఆరులో."

"అయితే ఇది ఆయన్ని చూడలేదు. ఈ మాదిరి గట్టు ముప్ఫై దాటినాక వచ్చింది."

కాస్త మెత్తగా చెప్పొచ్చు కదా అని నేను కాలు తొక్కాను. ఆయన నా కాలు తీసి పక్కన పెట్టమన్నాడు. సావుకారి ముఖం కండెకు చుట్టిన నూలులా బిగిసింది. అప్పుడు లోపలి గదిలోంచి వాళ్లమ్మ, డెబ్బైకి దగ్గరపడ్డ అవ్వ, నింపాదిగా అంది: "అది మీ నాయన పెండ్లికి మా పుట్టినింటోళ్లు పెట్టింది. నేను వచ్చినకాడి నుంచి చెప్తాండా. ఈ ఇంట్లో ఎవరింటారు?"

సావుకారు మాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అవ్వ పిలిచి బొరుగుల ఉగ్గాని పెట్టింది. మా పుట్టింటి సొమ్ము మాకు తిరిగి ఇప్పించినావు నాయనా అని షాపాయనకు రెండోసారి కూడా వడ్డించింది. తిరుగు బస్సులో నేను, ఒక్క అబద్ధం చెబితే ఏం పోయేదని అడిగాను. గడ్డం అబద్ధం చెప్తాది, రేజరు చెప్పదు అని ఆయన కిటికీ వైపు తిరిగాడు. పెద్ద మాటే. అయితే ఆ వెంటనే నిద్రపోయి ఆదోని దాకా నా భుజం మీద గురక పెట్టాడు కాబట్టి దానికి రావలసిన గాంభీర్యం రాలేదు.

ఆ రోజుల్లోనే నా దవడ మీద పటిక ముద్దతో పని ఎక్కువైంది. ముందు నెలకొక గాటు, తర్వాత వారానికొకటి. కత్తి తోలుపట్టీ మీద ఎక్కువసేపు తిరిగేది, చెంప మీదికి ఆలస్యంగా వచ్చేది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. టీ వేడిగా ఉందప్పా అనేవాడు. అదే కేటిల్లో టీ నేనూ తాగేవాణ్ణి. అది వేడిగా ఉన్న రోజు నాకు గుర్తులేదు.

తర్వాత కొన్ని వారాలకు, ఆదివారం పొద్దున, సావుకారు ఏదో పని మీద ఆదోని వచ్చి నేరుగా సెలూన్‌కు వచ్చాడు. షాపు కిక్కిరిసి ఉంది. ఒకే దినపత్రికను ఏడుగురు తలా ఒక కాగితం పంచుకుని చదువుతున్నారు. నేను ఎనిమిదో మనిషిని, కాబట్టి నాకు వాణిజ్య ప్రకటనలు వచ్చాయి. సావుకారు తన వంతు వచ్చేదాకా మాట్లాడలేదు. కుర్చీలో కూర్చుని సబ్బు పట్టించుకుని, ఎడమ చెంప పూర్తయ్యాక అన్నాడు:

"మా తాతది విప్పి చూసినావు. మీ నాయనది గూడా విప్పప్పా. అందరికీ ఒకటే న్యాయం."

ఏడు కాగితాలూ కిందికి దిగాయి.

"సబ్బు ఆరిపోతాది సావుకారీ."

"ఆరనీ."

ఆయన కాదనొచ్చు. నాయన విప్పొద్దన్నాడు అంటే ఎవరూ బలవంతపెట్టరు. పొట్లాన్ని మేకు నుంచి తీశాడు. చేతిలోని కత్తితోనే ఒక్కో కుట్టూ తెంపాడు. లోపలిది చిన్నగా, నల్లబడి ఉంది. అరచేతిలో పెట్టి కళ్లు మూసుకున్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అందులో ఆశ్చర్యం రాలేదు.

పిడి కదల్లేదు. వేడినీళ్ల గ్లాసులో ముంచాడు. అందరం ఊపిరి బిగబట్టామని రాయాలి గానీ, ఒకాయన తుమ్మాడు. రెండోసారికి పిడి తిరిగింది. మూత వచ్చింది, దాని కింద తుప్పు పట్టిన బ్లేడు వచ్చింది. బ్లేడు కింద పళ్లెం మీద సన్నటి అక్షరాలున్నాయి. ఆయన దాన్ని నా చేతికిచ్చాడు.

"చదువు గుమాస్తప్పా. ఉన్నది ఉన్నట్టు చదువు."

ఇంగ్లండు అందామనుకున్నాను. షాపులో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, ఎవరికీ తెలిసేది కాదు. ఆయన నన్నే చూస్తున్నాడు. బస్సులో అన్న మాట గుర్తొచ్చింది, గురకతో సహా.

"మేడ్ ఇన్ ఇండియా" అని చదివాను.

దొర స్వదేశీ ఉద్యమంలో చేరాడేమో అన్నాను. నా జీవితంలో ఎవరూ నవ్వని హాస్యాలు చాలా ఉన్నాయి, ఇంత పూర్తిగా నవ్వనిది ఇదొక్కటే.

ఆయన మూతను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తున్నాడు. అంచున సబ్బు గట్టిపడి ఉంది. ఆ సబ్బులో వెంట్రుకల మొదళ్లు, అన్నీ తెల్లవే.

"మా నాయనవి" అన్నాడు.

తర్వాత నెమ్మదిగా, ఎవరితోనని లేకుండా, చెప్పుకొచ్చాడు. చివరి నాలుగేళ్లు నాయన పని మానేశాడు. చూపు ఆనడం లేదన్నాడు. కానీ రోజూ తెల్లారేసరికి నున్నటి గడ్డంతో అరుగు మీద కూర్చునేవాడు. తమ్ముడు చేస్తున్నాడని ఈయన అనుకున్నాడు. ఇద్దరు కొడుకులూ కత్తి పట్టినవాళ్లే ఉన్న ఇంట్లో, నాయనకు గడ్డం చేసిందెవరని ఎవరడుగుతారు? అడగాలంటే తమ్ముడితో మాట్లాడాలి, ఇల్లు ఒకటే అయినా అప్పటికే మాటల్లేవు.

"నాయనకు చూపు బాగానే ఉండె. చేతులు వణుకుతాండె. మాకు తెలియనీల్యా."

అని తన కుడిచెయ్యి చాపి, అందరికీ కనబడేటట్టు పట్టుకున్నాడు. అది గాలికి ఆకు కదిలినట్టు కదులుతోంది.

"నాదీ ఇంతే. రెండేండ్లాయె. టీ వేడిగా ఉండేది కాదప్పా."

చివరి మాట నాకు. నేను ప్రకటనల కాగితంలోకి చూశాను. అందులో ఏముందో ఇప్పటికీ తెలియదు.

సావుకారు గెలవడానికి వచ్చాడు. గెలిచాడు కూడా. సగం ముఖం సబ్బుతో ఉన్నవాడి గెలుపు అంతగా రాణించదు. "ఇంకోనాడు వస్తాలేప్పా" అని లేవబోయాడు. షాపాయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. మడతకత్తి మడిచి అరలో పెట్టాడు. నాయన రేజరు కడిగి, కొత్త బ్లేడు వేసి, మూత బిగించాడు. మళ్లీ సబ్బు పట్టించి, అలవాటు ప్రకారం ముందే చెప్పాడు: "ఇప్పుడు ఇది కుడి చెంపకు వస్తాండాది. ఇది నాకూ కొత్తే."

గాటు పడలేదు. చెయ్యి వణుకుతూనే ఉంది, రేజరు మాత్రం దాన్ని పట్టించుకోలేదు. సావుకారు రెండు చెంపలూ రెండు చేతులతో నిమురుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

"యా చెంప దేనితో చేసినావో తెలీడం ల్యా" అన్నాడు. అందులో కొంచెం ఫిర్యాదు ఉంది.

ఆ సాయంత్రం షాపు ఊడుస్తుంటే అడిగాను, నిజంగా ముందు తెలియదా అని.

"బరువు తెలుసప్పా. పొట్లం దుమ్ము దులిపినప్పుడల్లా చేతికి తెలుస్తాండె. దొరల కాలంది ఇంత తేలిగ్గా ఉండదు."

మరి ఇన్నేళ్లూ ఆ కథ ఎందుకు చెప్పావన్నాను.

"మూత విప్పందే వయసు చెప్పను గదా."

వచ్చిన మంగళవారం ఆయన ఎమ్మిగనూరు బస్సెక్కలేదు. స్టేషను వైపు నడిచి తమ్ముడి ఇంటికి పోయాడు. తమ్ముడు కూడా ఇన్నేళ్లూ నాయనకు గడ్డం చేసింది అన్నేనని అనుకున్నాడట. ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారని రాస్తే బాగుంటుంది. నేను కూడా వెళ్లాను కాబట్టి కుదరదు. టీ తాగారు. నాయన అంత మోసగాడని తెలియకపోయెనే అని తమ్ముడు నవ్వాడు. తర్వాత ఇద్దరూ పాత తగాదా ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టారు, ఈసారి మాట్లాడుతూ.

ఆ తర్వాత ఆయన సేఫ్టీ రేజరుతోనే గడ్డాలు చేశాడు. ఈ మాత్రం ఇంట్లో చేసుకోలేమా అని కొందరు వెళ్లిపోయారు. ఇంట్లో చేసుకుంటే ఊరి సంగతులు తెలియవని నెలలోపు చాలామంది తిరిగి వచ్చారు. అంటే దొరకు నాయన చెప్పిన మాట నిజమే, దొర ఒక్కడే అబద్ధం. నా దవడకు పటికతో పని తప్పింది. పొట్లం గుడ్డ ఉతికి అద్దం తుడవడానికి వాడుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు సబ్బు పట్టించాక చెప్పే కథ మారింది. అందులో దొర లేడు. చేతులు వణికే ముసలాయన ఒకడు, చీకటితో లేచి, కొడుకులిద్దరూ నిద్రలో ఉండగా, పెరట్లో గడ్డం గీసుకునేవాడు. ఆయన ఈ కథ పాతదానికంటే బాగా చెప్పేవాడు.

పోస్టుకార్డు అందిన మరునాడే ఆదోని పోయాను. ఇప్పుడు నా ఉద్యోగం వేరే ఊళ్లో, కొంచెం తక్కువ తాత్కాలికం. తమ్ముడి కొడుకు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాడు, పెదనాయన చివరి రోజు పొద్దున కూడా తన గడ్డం తానే చేసుకున్నాడట. దొంగతనంగా కాదు. ఇంట్లో అందరినీ లేపి, చుట్టూ నిలబెట్టి, ఇదిగో నేనే చేసుకుంటాండా, తర్వాత ఒకరి మీద ఒకరు అనుకోవద్దు అని చెప్పి మరీ చేసుకున్నాడట. పొట్లంలోని ఆ రేజరునే కాగితంలో చుట్టి నాకిచ్చారు. ఈసారి కుట్లు లేవు.

అది జేబులో వేసుకుని సెలూన్ దాకా నడిచాను. ఆయన కుర్చీలో కూర్చుని ఒకసారి గడ్డం చేయించుకోవాలని ప్రయాణం మొత్తం అనుకుంటూ వచ్చాను. అందుకే రెండు రోజులుగా గీసుకోలేదు కూడా. తలుపులు మూసి ఉన్నాయి. మంగళవారం కదా, ఎమ్మిగనూరు పోయి ఉంటాడు అనిపించింది. సాయంత్రం బస్సు దాకా ఆగితే వస్తాడు కూడా అనిపించింది. కాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

మంగళవారం సెలూన్లు ఉండవు. గడ్డం పెరిగినవాళ్లు సోమవారమే చూసుకోవాలి.